ఎర్ర ఏగాని రంగు

"నా దగ్గర ఎర్ర ఏగాని లేదు" అనే మాట తెలంగాణలో వినపడని ఊరు ఉండదు. ఏగానిని కళ్లతో చూసినవాళ్లు పోయినా మాట మాత్రం ఇంకా చెలామణిలోనే ఉంది. అది రాగి నాణెం కాబట్టి ఎర్ర అన్నారు. కానీ నేను చూసిన పాత రాగి పైసల్లో ఎర్రగా ఉన్నది ఒక్కటీ లేదు. మా నాని కాంచళికి కుట్టుకున్న పైసలు కొన్ని నల్లగా, కొన్ని బెల్లం రంగులో ఉండేవి. కొన్నిటికి అంచుల వెంట ఆకుపచ్చ గీత ఉండేది. ఎరుపు మాటలోనే మిగిలింది.

నేను గిరిజన గురుకులంలో సైన్సు చెబుతాను. పదో తరగతిలో లోహాల క్షయం గురించి పాఠం ఉంది. ఇనుముకు తుప్పు, వెండికి నలుపు, రాగికి చిలుము అని బోర్డు మీద రాస్తుంటే ఒక చెంచు పిల్లవాడు లేచి, "సార్, రాగి పచ్చగా కావడం పాడవడమా, మారడమా?" అని అడిగాడు. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వేసి "పుస్తకంలో క్షయం అని ఉంది, అదే రాసుకో" అన్నాను. పరీక్షకు ఆ జవాబు సరిపోతుంది. తర్వాత ఆలోచిస్తే, ముప్పై ఏళ్లుగా నన్ను నేను అడుక్కోవాల్సిన ప్రశ్న ఆ పిల్లవాడు అడిగాడనిపించింది. ఈ వ్యాసం అతనికి నేను బాకీ పడిన జవాబు.

1994లో ఇంటర్ తప్పి నేను జీడిమెట్ల చేరాను. షాపూర్‌నగర్‌లో రేకుల గది. అందులో నలుగురం, నలుగురమూ తండాల నుంచి వచ్చినవాళ్లమే. జీడిమెట్ల అంటే ఇప్పుడు చాలామందికి ఐటీ కారిడార్‌కు అవతల కనిపించే పొగ గొట్టాలు. మాకు మాత్రం అదే పట్నం. మందుల కంపెనీలు, రసాయనాల కంపెనీలు, వాటి మధ్య సందుల్లో చిన్న చిన్న షెడ్లు. అలాంటి ఒక ప్లేటింగ్ షెడ్డులో నాకు పని దొరికింది. కుళాయిలు, తలుపు గొళ్లేలు, సైకిల్ భాగాలు వచ్చేవి. వాటిని యాసిడ్‌లో ముంచి, బఫింగ్ చక్రం మీద రుద్ది, నికెల్ పూత వేసి, తళతళలాడేలా చేసి పంపాలి. బఫింగ్ దగ్గర నిలబడినవాడి ముఖం సాయంత్రానికి నల్లగా మసి పట్టేది, చేతిలోని గొళ్లెం అద్దంలా మెరిసేది. నికెల్ తొట్టి దగ్గర పనిచేసేవాళ్లకు ముంజేతుల మీద దురద, పొక్కులు. నా గోళ్లు పసుపు రంగుకు తిరిగాయి. ఊళ్లో అమ్మ చూసి, పసుపు కొమ్ములు ఉడకబెట్టే పనా అని అడిగింది.

నేను ఊరు వదిలేటప్పుడు నాని తన కాంచళి నుంచి ఒక పైసా విప్పి ఇచ్చింది. నడుమ చిల్లు ఉన్న పైసా అది. 1943 నుంచి 1947 వరకు అప్పటి ఇంగ్లీషు ప్రభుత్వం కొట్టించిన నాణెం. యుద్ధానికి రాగి కావలసి వచ్చి, పైసాలో రాగి మిగుల్చుకోవడానికి నడుమ రంధ్రం పెట్టారు. దొరలు రాగి మిగుల్చుకున్నారు, మన ఆడవాళ్లకు కంసాలి దగ్గరికి వెళ్లి కొక్కెం పెట్టించుకునే ఖర్చు మిగిలింది. నాని తల్లి కృష్ణ దాటి మాచర్ల వైపు కలుపు తీయడానికి వెళ్లినప్పుడు అక్కడ కల్దారు పైసల్లో కూలి ఇచ్చారట. నిజాం ఇలాకాలో నడిచేది హాలీ సిక్కా. నది ఇవతలికి తెచ్చిన ఆ పైసాతో కొనగలిగేది ఏమీ లేక ఆమె దాన్ని కాంచళికి కుట్టింది. ఆ తర్వాత పైసలు చాలా మారాయి. 1957 ఏప్రిల్ 1 నుంచి నయా పైసలు వచ్చాయి. మొదట్లో అవీ కంచువే, నాని రెండు మూడు కుట్టుకుంది. ఆ తర్వాత వచ్చిన అల్యూమినియం పైసలు ఆమెకు నచ్చలేదు. "సప్పుడు రాదు" అనేది.

షాపూర్‌నగర్ గదిలో ఆరు నెలలకే ఆ పైసా బొగ్గులా నల్లబడింది. కారణం అప్పుడు నాకు తెలియదు, ఇప్పుడు పిల్లలకు చెబుతున్నాను. కుళ్లిన గుడ్డు వాసన వచ్చే గాలిలో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. అది రాగిని తాకితే నల్లని సల్ఫైడ్ పొర కడుతుంది. మా గది పక్కనుంచి పారే నాలాకు ఆ వాసన పుష్కలంగా ఉండేది. తండాలో యాభై ఏళ్లలో బెల్లం రంగుకు వచ్చిన పైసా, జీడిమెట్లలో ఆరు నెలల్లో బొగ్గయింది.

తీజ్ పండుగకు ఊరికి వెళ్లాలి. నాని పైసాను అంత నల్లగా ఎలా తీసుకెళ్లను? పని దిగే వేళ ఎవరూ చూడకుండా దాన్ని తీగకు గుచ్చి నైట్రిక్ యాసిడ్‌లో ముంచాను. గోధుమ రంగు పొగ లేచింది, దగ్గొచ్చింది. లెక్కపెట్టి పది క్షణాలు ఉంచాలని తెలుసు. దగ్గులో లెక్క తప్పింది. పైకి తీస్తే అప్పుడే పుట్టిన బిడ్డ చర్మంలా గులాబీ రంగు. ఎంత సంతోషపడ్డానో! నీళ్లలో కడిగి వెలుగులో చూస్తే కిరీటం గుర్తు అరిగిపోయి ఉంది. సంవత్సరం అంకెల్లో చివరిది లేదు. అక్షరాలు చేతికి తగలడం లేదు. ఎలాగూ పోయింది కదా అని దానికి నికెల్ పూత కూడా వేశాను. వెండి బిళ్లలా మెరిసింది.

నాని దాన్ని అరచేతిలో పెట్టుకుని, రెండు వైపులా తిప్పి చూసి, "ఇది ఎవరిది బేటా?" అని అడిగింది. నీదే అన్నాను. ఆమె తిట్టలేదు. సూది తెచ్చుకుని పాత చోటనే కుట్టుకుంది. మిగతా పైసల మధ్య అది ఒక్కటే మెరుస్తూ, పరాయి ఇంట్లో కొత్త కోడలిలా కనిపించింది.

నేను చేసిన తప్పేమిటో అప్పుడు నాకు ఒకలా అర్థమైంది. లెక్క తప్పడం, ఎక్కువసేపు ముంచడం. డిగ్రీలో కెమిస్ట్రీ చదివాక అసలు తప్పు వేరే ఉందని తెలిసింది. రాగి మీది పొర బయటి నుంచి వచ్చి అంటుకున్న మురికి అనుకున్నాను. కాదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి బెల్లం రంగు ఆక్సైడ్‌గా మారింది ఆ నాణెపు రాగే. తేమ, బొగ్గుపులుసు వాయువు తగిలి ఆకుపచ్చ కార్బొనేట్‌గా మారిందీ అదే రాగి. బట్ట ఉతికితే మురికి పోతుంది, బట్ట మిగులుతుంది. పైసాను యాసిడ్‌లో ముంచితే పోయేది పైసాయే. అక్షరాలు ఆ పొరలోనే నిలిచి ఉంటాయి కాబట్టి పొరతో పాటు అవీ పోతాయి. చింతపండు ఉప్పు పెట్టి తోమినా జరిగేది ఇదే, కాస్త నెమ్మదిగా. బిందె మందంగా ఉంటుంది, మీద రాత ఉండదు, కాబట్టి తోమినా పెద్ద నష్టం లేదు. నాణెం బిందె కాదు.

అంతేకాదు, గట్టిగా, నున్నగా పట్టిన చిలుము కింది రాగిని కాపాడుతుంది. న్యూయార్క్ రేవులో నిలబెట్టిన స్వేచ్ఛా విగ్రహం రాగి రేకుది. 1886లో అది కొత్త పైసా రంగులో ఉండేది. ఇరవై ఏళ్లలో ఆకుపచ్చగా మారితే, 1906లో దానికి రంగు వేయాలన్న ఆలోచన వచ్చింది. జనం ఒప్పుకోలేదు. చిలుమే దానికి రక్షణ అని ఇంజనీర్లు తేల్చారు. ఇవాళ ఆ విగ్రహాన్ని ఆకుపచ్చగా తప్ప మరోలా ఎవరూ ఊహించుకోరు.

జీడిమెట్లలో నేను పైసానే తోమలేదు. ఏ ఊరు అని అడిగితే దేవరకొండ అనేవాణ్ణి, తండా పేరు నోటికి వచ్చేది కాదు. ఇంటిపేరు పొడి అక్షరాల్లో రాసేవాణ్ణి. గదిలో నలుగురం మన గోర్ బోలీలో మాట్లాడుకుంటూ, తలుపు చప్పుడైతే తెలుగులోకి మారేవాళ్లం. మా యాసను ఎవరూ బలవంతంగా లాక్కోలేదు, మేమే రుద్దుకున్నాం. ఇది రాస్తున్నానని, ఇప్పుడు అమీర్‌పేట హాస్టళ్లలోనో గచ్చిబౌలి ఆఫీసుల్లోనో అలాగే రుద్దుకుంటున్న తమ్ముళ్లను, చెల్లెళ్లను తప్పుపడుతున్నానని అనుకోవద్దు. అద్దెకు గది దొరకడానికి ఊరి పేరు మార్చి చెప్పినవాణ్ణి నేను దొంగ అనలేను. మెరిస్తేనే కొంటామన్న బజారుదే ఆ పాపం. కాకపోతే రుద్దుడులో ఎంత పోతోందో రుద్దుకునేవాడికి తెలిసి ఉండాలి. నాకు తెలియలేదు. మా అబ్బాయికి గోర్ బోలీ అర్థమవుతుంది, మాట్లాడటం రాదు. నా పైసా మీద పోయిన అంకె అది.

ఇక్కడితో ఆపితే ఈ వ్యాసం మన సభల్లో బాగా చప్పట్లు కొట్టించుకుంటుంది. "మన చిలుమే మన రక్షణ" అని ఒక మాట రాసుకుని ఇంటికి వెళ్లొచ్చు. కానీ 2009 వానాకాలంలో నాని ట్రంకు పెట్టె తెరిచిన రోజు నేను అక్కడ ఉన్నాను.

నాని పోయి నాలుగు నెలలైంది. ఫేట్యా, కాంచళి మడతపెట్టి ఇనుప పెట్టెలో ఉంచారు. వాన నీరు కాస్త లోపలికి దిగింది. తీసి చూస్తే మూడు పైసల మీద లేత ఆకుపచ్చ పొడి. మంచు రాలినట్టు, గుడ్డతో తుడిస్తే వేలికి అంటుకునేది. కింద గుంటలు. ఆ పైసలు కుట్టిన చోట బట్ట కూడా మాడినట్టు చిరిగిపోయింది. తుడిచి ఎండబెట్టాం. వారానికి మళ్లీ అదే పొడి.

దీనిని కంచు జబ్బు అంటారు. పేరు జబ్బే గాని ఇందులో క్రిమి లేదు. ఉప్పు చేసే పని ఇది. ఉప్పులోని క్లోరైడు రాగిలోకి చేరి క్యూప్రస్ క్లోరైడుగా లోపల దాక్కుంటుంది. తేమ, గాలి తగలగానే అది ఆకుపచ్చ పొడిగా మారుతూ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని వదులుతుంది. ఆ ఆమ్లం మళ్లీ కొత్త రాగిని తింటుంది. తిన్నది మళ్లీ క్లోరైడు అవుతుంది. తేమ ఉన్నంతకాలం ఈ చక్రం ఆగదు. మంచి చిలుము ఒక పొర కట్టి ఇక చాలు అని నెమ్మదిస్తుంది. ఈ జబ్బుకు చాలు అనేది లేదు.

ఆ ఉప్పు నాని పైసల్లోకి ఎక్కడి నుంచి వచ్చింది? ఆమె చెమట నుంచే. యాభై అరవై ఏళ్లు ఎండలో వంగి పనిచేసిన ఒంటి చెమట. లంబాడా అనే పేరే లవణం నుంచి వచ్చిందని ఒక వాదం ఉంది. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి దేశమంతా తిరిగిన జాతి మనది. రైళ్లు, ఉప్పు మీద ఇంగ్లీషువాళ్ల గుత్తాధిపత్యం వచ్చాక ఆ బతుకు పోయింది. మనల్ని పోషించిన ఉప్పే మన పైసలను తింది. ఇందులో నేను గొప్ప అర్థమేదీ వెతకను. ఉప్పు గుణం అది.

అయితే దాని నుంచి ఒక పరీక్ష నేర్చుకున్నాను. మ్యూజియంలో నాణేలు శుభ్రం చేసేవాళ్లు చూసేదీ అదే. పొర గట్టిగా, నున్నగా ఉంటే ముట్టుకోవద్దు. పొడిగా రాలితే, తుడిచినా తిరిగి వస్తే, కింద గుంట పడితే అది జబ్బు. రెండూ ఆకుపచ్చే, దూరం నుంచి చూస్తే తేడా తెలియదు.

మా తండాల్లో ఒకప్పుడు పిల్లనిచ్చేవాళ్లకు పిల్లవాడి వైపువాళ్లు ఓలి ఇచ్చేవారు. నేను పుట్టేనాటికి అది తిరగబడటం మొదలైంది. ఇప్పుడు ఉద్యోగం ఉన్న పిల్లవాడికి లక్షల కట్నం, బండి, ప్లాటు. దీన్ని "మన సాంప్రదాయం" అని చెప్పే పెద్దమనుషులను నేను చూశాను. గత శతాబ్దం చివర దేవరకొండ వైపు తండాల నుంచి ఆడశిశువులను అమ్ముకున్న వార్తలు పత్రికల్లో వచ్చినప్పుడు మా మొదటి కోపం పత్రికల మీద. మా పేరు చెడగొడుతున్నారు అన్నాం. ఆ కోపంలో న్యాయం కొంత ఉంది. పేదరికాన్ని, కరువును వదిలేసి జాతి పేరు మాత్రమే రాసిన రాతలూ ఉన్నాయి. కానీ పెట్టె మూసి ఉంచితే పొడి ఆగుతుందా? కట్నం ఏటేటా పెరుగుతోంది. తిన్నకొద్దీ అడుగుతోంది. అది బయటి నుంచి వచ్చిన ఉప్పే కావచ్చు, ఇప్పుడు మన లోహంలో ఉంది. గోర్ బోలీ అలా కాదు. మా నాని మాట్లాడిందని మా అమ్మ ఒంట్లో గుంట పడలేదు.

ఇక్కడ ఒకరు నన్ను నిలదీయవచ్చు. ఏది చిలుమో ఏది జబ్బో తేల్చేది ఎవరు? న్యాయమైన ప్రశ్న. నాణెం పోలిక ఇక్కడ పనికిరాదు, నాణేనికి నోరు లేదు. మనుషులకు ఉంది. పొర ఎవరిని తింటోందో వాళ్లను అడగాలి. కట్నం గురించి పెద్దమనుషుల సభలో కాదు, ఇద్దరు ఆడపిల్లల తల్లిని అడగాలి. సారా గురించి తాగేవాణ్ణి కాదు, అతని భార్యను. మేం ఇంతవరకు ఎక్కువగా సభలోనే అడిగాం.

పొరా కాని, జబ్బూ కాని దెబ్బలు మరికొన్ని ఉన్నాయి. పాత వెండి రూపాయల మీద చిన్న చిన్న గాట్లు, ముద్రలు కనిపిస్తాయి. షరాబులు నాణెం అసలుదో నకిలీదో చూడటానికి కొట్టినవి. అసలుదని తేలాక కూడా గాటు అలాగే ఉండిపోయేది. అనుమానపడ్డవాడు రూపాయి తీసుకుని వెళ్లిపోతాడు, మచ్చ మాత్రం రూపాయికి. 1871లో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. ఎరుకల, బంజారా వంటి ఎన్నో జాతులను ఆ చట్టం కింద పుట్టుకతో నేరస్థులుగా రాశారు. 1952లో అది రద్దయింది. చట్టం పోయినా పోలీసు చూపులో ఆ గాటు ఎన్నాళ్లు ఉందో మన తాతలను అడగండి. దీన్ని మనం రుద్దుకుంటే పోదు, దాచుకోవలసిన పనీ లేదు. అది కొట్టినవాడి చరిత్ర.

అసలు శుభ్రం చేయడమే తప్పా అంటే, అదీ కాదు. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో మట్టి గడ్డల్లా దొరికిన చిన్న నాణేలను ఓపికగా శుభ్రం చేయబట్టే వాటి మీది బ్రాహ్మీ అక్షరాలు బయటపడ్డాయి. సిముకుని పేరు, అతనికి ముందటి గోభద, నారన, సమగోప వంటి రాజుల పేర్లు చదవగలిగారు. యాసిడ్‌లో ముంచి ఉంటే ఆ పేర్లు తొట్టి అడుగున ఉండేవి. కదిలించకుండా వదిలేసి ఉంటే మట్టిలో ఉండేవి. ఇలాంటి పని చేసేవాళ్లు భూతద్దం కింద సూదిమొనతో ఒక్కో మట్టి రేణువు తీస్తారు. ఉప్పు పోయేదాకా శుద్ధజలంలో నానబెట్టి నీళ్లు మారుస్తూ ఉంటారు, వారాలు పట్టినా సరే. చివరికి తేమ తగలకుండా దాస్తారు. తొందరపడేవాడికి ఆ పని ఇవ్వరు. తండాకు, గూడేనికి సంస్కరణ అంటూ వచ్చేవాళ్ల చేతుల్లో సూది ఉందో, యాసిడ్ సీసా ఉందో చూడాలి. మనలో చదువుకున్నవాళ్ల చేతుల్లో కూడా. పట్నం నుంచి సెలవుకు వచ్చి అమ్మ ఫేట్యా చూసి సిగ్గుపడేవాడి జేబులో ఆ సీసా ఉంటుంది. నా జేబులో ఉండేది.

ఆ చెంచు పిల్లవాడి దగ్గరికి వస్తాను. తర్వాతి వారం వాడికి జవాబు చెప్పాను: "మారడం కూడా ఉంది, పాడవడం కూడా ఉంది, రెండింటికీ రంగు ఒకటే, కాబట్టి రంగు చూసి చెప్పకూడదు." వాడికి పూర్తిగా నచ్చినట్టు లేదు. సంక్రాంతి సెలవుల తర్వాత ఒక కాగితపు పొట్లం తెచ్చాడు. చేనులో దొరికిందట. బొటనవేలి గోరంత నాణెం, ముదురు ఆకుపచ్చ పొర, మీద ఎర్రమట్టి. ఏనుగో, ఎద్దో ఏదో బొమ్మ ఉన్నట్టు అనుమానం. "చింతపండు పెట్టి తోమితే కనపడుతుంది కదా సార్?" అన్నాడు పక్కనున్న పిల్ల. ఇంకొకడు ల్యాబులోని యాసిడ్ సీసా వైపు చూశాడు.

తోమలేదు. కొత్త బూట్ల డబ్బాలో దొరికే తేమ పీల్చే పొట్లాన్ని పక్కన పెట్టి నాణేన్ని పొడి డబ్బాలో దాచాం. ఏ చేను, ఎంత లోతు, ఏ రోజు అని పిల్లవాడి చేత రాయించాను. నేలలో దొరికిన పాత వస్తువుల గురించి 1878 నాటి నిధి చట్టం ఉంది, పది రూపాయలకు మించి విలువ చేసేదైతే కలెక్టరుకు తెలపాలి. దరఖాస్తు రాసి, వాడినీ వాళ్ల నాన్ననూ వెంటబెట్టుకుని తహసీల్దారు ఆఫీసుకు వెళ్లాను. గుమస్తా డబ్బా తెరిచి చూసి, "ఇంత చిలుము పట్టింది, ఇదేం నిధి మాస్టారూ!" అని నవ్వాడు. రసీదు మాత్రం ఇచ్చాడు.

బస్సులో వస్తుంటే పిల్లవాడు, దాని మీద ఏముందో మనకెప్పుడు చెబుతారు సార్ అని అడిగాడు. తెలియదన్నాను. వాడు నా సంచిలోంచి కాంచళి ముక్క చూపించమన్నాడు. నాని పోయాక ఆ మెరిసే పైసా ఉన్న ముక్క నాకిచ్చారు, పాఠానికి తెచ్చి చూపిస్తుంటాను. చిల్లు చుట్టూ దారం రాపిడికి నికెల్ అరిగిపోయింది. లోపలి రాగి సన్నటి వలయంలా బయటపడి, అప్పుడే బెల్లం రంగుకు తిరుగుతోంది. వాడు దాన్ని గోటితో తడిమి చూసి, పొడి రాలడం లేదు సార్ అన్నాడు.